మాగిన సరుకు, పచ్చి సరుకు: బోర్డో ఎర్ర వైన్ నిల్వదారుల లెక్క

బోర్డో ఎర్ర వైన్ బజారులో 2022 చివర మొదలైన దిగుముఖ ధోరణి 2023, 2024 సంవత్సరాలలోనూ ఆగలేదు. లండన్, బోర్డో గిడ్డంగులలో పెట్టెలు పేర్చుకుని కూర్చున్న నిల్వదారులు ధర కోసం ఆగాలా, వచ్చినకాడికి వదిలించుకోవాలా అన్న పాత ప్రశ్న దగ్గరకే మళ్ళీ వచ్చారు. అయితే ఈ సరుకుకు మూడో దారి కూడా ఉన్నది. పత్తి బేళ్ళు పట్టుకు కూర్చున్నవాడికి లేని దారి అది. బిరడా తీసి తాగేయవచ్చు.

నవ్వులాటగా కనిపించే ఈ మూడో దారే ఈ వ్యాపారానికంతటికీ మూలం. తాగేవారుంటేనే నిల్వ తరుగుతుంది, నిల్వ తరిగితేనే మిగిలినదాని ధర పెరుగుతుంది. అందరూ పెట్టుబడి కోసమే దాచుకుంటే తరుగు ఉండదు, ధర కదలదు. పైగా సరుకు లోలోపల వయసు మీద పడుతూనే ఉంటుంది.

బజారు మన వర్తకులకు దూరపుదే గాని, లెక్క పరాయిది కాదు. పాత బియ్యం కొత్త బియ్యం కన్నా ఎక్కువ పలుకుతాయి. చింతపండు పాతబడితే నల్లబడి ధర పోతుంది. బోర్డో ఎర్ర వైన్ మొదటి సగం జీవితం పాత బియ్యంలాగా, రెండో సగం పాత చింతపండులాగా నడుస్తుంది. ఆ మలుపు ఎక్కడ వస్తుందో సీసా బయటి నుంచి చూసి చెప్పగల మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు.

దళారీ, వర్తకుడు, పీపా

బోర్డోలో సరుకు చేతులు మారే పద్ధతి తెలిస్తే గాని నిల్వ భారం ఎవరి నెత్తిన పడుతున్నదీ అర్థం కాదు. ద్రాక్ష తోట, వైన్ చేసే కార్ఖానా కలిసినదాన్ని అక్కడ షాటో అంటారు. పేరున్న షాటోలు నేరుగా అమ్మవు. నెగోసియాన్లనే టోకు వర్తకులకు అమ్ముతాయి. ఈ ఇద్దరి మధ్య కూర్తియే అనే దళారీ ఉంటాడు. అతని కమీషన్ ఆనవాయితీగా 2 శాతం. పీపా 225 లీటర్లు. నాలుగు పీపాలు ఒక టన్నో, అంటే 900 లీటర్లు. సీసాలలోకి దించితే 12 సీసాల పెట్టెలు 100 వస్తాయి. కొలతలు అచ్చంగా వర్తకుల కోసమే పుట్టినట్లున్నాయి.

ద్రాక్ష కోత సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. మరుసటి వసంతంలో, వైన్ ఇంకా పీపాలలో ఉండగానే, విమర్శకులకూ వర్తకులకూ మచ్చు చూపిస్తారు. ఆపైన ఎన్ ప్రిమర్ అనే ముందస్తు అమ్మకం జరుగుతుంది. కొన్నవాడు డబ్బు అప్పుడే చెల్లించాలి. సరుకు సీసాలలోకి దిగి చేతికి రావడానికి సుమారు రెండేళ్ళు పడుతుంది. వచ్చిన తర్వాత కూడా తాగడానికి పనికి రాదు, మరో పదేళ్ళు ఆగాలి. షాటోకు రొక్కం ముందే ముట్టింది. వడ్డీ, గిడ్డంగి అద్దె, సరుకు చెడిపోయే ప్రమాదం, ఇవన్నీ కొన్నవాడివి.

ఇంత భారం మోస్తున్నందుకు ముందు కొన్నవాడికి ధరలో తగ్గింపు దొరకాలన్నది ఈ వ్యాపార సూత్రం. 2023 వసంతంలో ఆ సూత్రమే తలకిందులైంది. 2022 కాపుకు షాటోలు అంతకుముందు ఏడాది కన్నా బాగా హెచ్చించి ధరలు చెప్పాయి. అదే షాటోల 2014, 2019 సరుకు అనేకచోట్ల అంతకన్నా తక్కువకే దొరుకుతున్నది. మాగిన సరుకు చౌకగా ఉండగా పచ్చి సరుకుకు ఎక్కువ పెట్టేదెవరు? కొనుగోలుదార్లు వెనుకంజ వేశారు. 2023 కాపుకు ధరలు గట్టిగా తగ్గించినా, 2024 కాపుకు ఇంకా తగ్గించినా గిరాకీ పుంజుకోలేదు.

వగరు, పండు రుచి

సీసాలో ఏమి జరుగుతుందో కొంత తెలుసుకుంటే ఎన్నాళ్ళు ఆగాలన్నది అంచనాకు వస్తుంది. ఎర్ర వైన్‌ను ద్రాక్ష తొక్కలతో, గింజలతో కలిపి పులియబెడతారు. వాటి నుంచి రంగు, దానితోపాటు టానిన్ అనే వగరు పదార్థం దిగుతాయి. పచ్చి కరక్కాయ నాలుక మీద ఎలా పట్టేస్తుందో, మంచి బోర్డో కొత్త వైన్ అలాగే పట్టేస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ టానిన్లు, రంగు పదార్థాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని మడ్డిగా అడుక్కు చేరుతాయి. వగరు మెత్తబడుతుంది. ఊదా ఛాయ పోయి ఇటుక రంగు వస్తుంది. తాజా పండు వాసన తగ్గి పొగాకు, దేవదారు చెక్క, తోలు వంటి వాసనలు పైకి వస్తాయి.

ఇక్కడ గడియారాలు రెండు. ఒకటి వగరు తగ్గే గడియారం, రెండోది పండు రుచి తరిగే గడియారం. మొదటిది ముందు పూర్తయితే సరుకు వజ్రం. రెండోది ముందు ఆగితే మిగిలేది వట్టి వగరు, పులుపు. ఎంత ఆగినా బాగుపడదు.

1975 కాపు ఇందుకు నికార్సయిన ఉదాహరణ. 1972, 1973, 1974 వరసగా మూడేళ్ళు నాసి సరుకు వచ్చిన తర్వాత 1975లో గట్టి టానిన్లతో బలమైన వైన్ దిగింది. ఇది తరాలు నిలుస్తుందని వర్తకులు దాచారు. పదేళ్ళయినా వగరు తగ్గలేదు. ఇరవై ఏళ్ళయినా చాలా సీసాలలో తగ్గలేదు. ఈలోగా పండు రుచి ఎండిపోయింది. కొద్ది షాటోలు మినహా, ఓపిక పట్టినవారికి దక్కినది తక్కువ.

1982 కథ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆ ఏడు ద్రాక్ష బాగా పండింది. వైన్ మొదటి రోజు నుంచే మెత్తగా, నిండుగా ఉన్నది. ఇంత తేలిగ్గా గొంతు దిగేది ఎన్నాళ్ళో నిలవదని కొందరు పెద్ద విమర్శకులు పెదవి విరిచారు. అమెరికా విమర్శకుడు రాబర్ట్ పార్కర్ ఇది మహత్తరమైన కాపు అని గట్టిగా నిలబడ్డాడు. అతని పేరు నిలిచిందీ, ధరలు లేచిందీ అక్కడి నుంచే. మేలి షాటోల 1982 సీసాలు నలభై ఏళ్ళు దాటినా చక్కగా ఉన్నాయి. చిన్ననాడు గరుకుగా ఉన్నదే దీర్ఘాయుష్షు కలదన్న నమ్మకానికి అప్పటి నుంచి గట్టి దెబ్బ తగిలింది. ఏమిల్ పేనో అనే బోర్డో వైన్ శాస్త్రజ్ఞుడు పండు బాగా పక్వానికి వచ్చిన తర్వాతే కోయమనీ, గరుకు తగ్గించమనీ అప్పటికే షాటోలకు నూరిపోస్తూ ఉన్నాడు.

నిలవ గుణం బోర్డో సొత్తు అన్న మరో నమ్మకం కూడా పరీక్షకు నిలవలేదు. 1976 మే 24న పారిస్‌లో పేర్లు కప్పి రుచి చూసిన పోటీలో, ఎర్ర వైన్లలో కాలిఫోర్నియాకు చెందిన స్టాగ్స్ లీప్ 1973 మొదట వచ్చింది, మూటన్ రోత్‌షీల్డ్ 1970 రెండవది. న్యాయనిర్ణేతలు ఫ్రెంచివారే. మా సరుకు ఇంకా మాగలేదు, కొన్నేళ్ళు ఆగి చూడండని బోర్డో పక్షంవారు వాదించారు. సరిగ్గా ముప్ఫై ఏళ్ళకు, 2006 మే 24న, లండన్‌లోనూ కాలిఫోర్నియాలోని నాపాలోనూ అవే వైన్లు మళ్ళీ విప్పారు. రిడ్జ్ మాంటె బెల్లో 1971 మొదటి స్థానం కొట్టింది. మొదటి అయిదూ కాలిఫోర్నియావే.

మచ్చు తీస్తే సరుకే పోతుంది

బస్తా సరుకుకు మచ్చు తీయడం సులువు. పిడికెడు తీసి చూస్తే బస్తా బస్తాగానే ఉంటుంది. సీసాకు మచ్చు తీశారంటే సీసా అయిపోయినట్లే. అందుకే అనుభవజ్ఞులు ఒకే వైన్ 12 సీసాల పెట్టె కొని, ఒక సీసాను ముందుగానే మచ్చుకింద ఖర్చు రాసుకుంటారు. వగరు ఇంకా బిగువుగా ఉంటే మూడు నాలుగేళ్ళు పెట్టెకు మేకు కొట్టేస్తారు. మెత్తబడుతుంటే ఏడాదికొకటి విప్పుతారు. రెండు సీసాలు వరసగా నిన్నటికన్నా నీరసంగా తోచాయంటే మిగిలినవాటికి ఇక ఆలస్యం పనికి రాదు. ఒకే ఒక సీసా ఉన్నవాడికి ఈ వెసులుబాటు లేదు. కాస్త తొందరపడటమే అతనికి మేలు. ముందుగా విప్పిన వైన్ గరుకుగా ఉన్నా గంటా రెండు గంటలు గాజు కూజాలో గాలి తగిలితే కొంత దారికి వస్తుంది. వయసు మళ్ళినదానిని దారికి తెచ్చే మందు లేదు.

ఒకటి రెండు చిక్కులు ఈ మచ్చు లెక్కను కూడా తప్పుదోవ పట్టిస్తాయి. సీసాలో దిగిన కొన్నేళ్ళకు కొన్ని వైన్లు వాసనా రుచీ ముడుచుకుని మౌనం పడతాయి. అప్పుడు విప్పినవాడు సరుకు చచ్చిందనుకుని పెట్టెనంతా తెగనమ్ముకుంటాడు. రెండోది బిరడా దోషం. ట్రైక్లోరోఅనిసోల్ అనే పదార్థం బిరడా నుంచి వైన్‌లో కలిస్తే తడిసిన అట్టపెట్టె కంపు వస్తుంది. అది ఆ సీసా ఖర్మే గాని, కాపు దోషం కాదు.

వయసైన సరుకు కొనేవారు సీసా ఎత్తి వెలుతురులో మట్టం చూస్తారు. వైన్ మెడలోనే ఉంటే నిక్షేపం. ఇరవై ముప్ఫై ఏళ్ళ సరుకుకు భుజం పై అంచు వరకూ దిగినా తప్పు పట్టరు. భుజం మధ్యకు దిగితే బేరం బిగుస్తుంది. ఇంకా కిందకు జారితే బిరడా సందున గాలి చొరబడిందనే లెక్క. అటువంటి సీసా అలంకారానికే.

సీసా పరిమాణం కూడా ఆయుష్షును మారుస్తుంది. సగం సీసా త్వరగా మాగుతుంది. రెండు సీసాల పాటి మ్యాగ్నమ్ నిదానంగా మాగుతుంది. వేలంపాటలలో మ్యాగ్నమ్‌కు రెండు సీసాల ధర కన్నా ఎక్కువ పలికేది ఇందుకే.

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న, ఇంతకాలం ఎక్కడ ఉన్నదని. 12, 13 డిగ్రీల నిలకడైన చలువ, 70 శాతం తేమ, చీకటి, కుదుపు లేని చోటు కావాలి. బిరడా ఎండకుండా సీసా పడుకోబెట్టాలి. ఇంగ్లండులో విల్ట్‌షైర్‌లోని కార్షమ్ దగ్గర పాత రాతి గనిలో ఉన్న ఆక్టేవియన్ గిడ్డంగికి పేరు రావడానికి కారణం ఇదే. నేల అడుగున ఏడాది పొడవునా ఒకే చలువ. కొన్ననాటి నుంచి అటువంటి గిడ్డంగి దాటని పెట్టెకూ, మూడు ఇళ్ళు మారిన పెట్టెకూ ధరలో తేడా బాగా ఉంటుంది. దొంగ సరుకు భయం కూడా తోడైంది. పాత సీసాలను ఇంట్లో తయారుచేసి అమ్మిన రూడీ కుర్నియావాన్‌ను న్యూయార్కు కోర్టు 2013లో దోషిగా తేల్చింది. ఆ తర్వాత కాగితాలు లేని సరుకు వైపు పెద్ద వర్తకులు కన్నెత్తి చూడటం తగ్గించారు.

హైదరాబాదులో, విజయవాడలో బంధువులు విదేశం నుంచి తెచ్చిన సీసాను బీరువా మీద దాచుకునేవారు ఉన్నారు. 40 డిగ్రీలు దాటే వేసవి ఒకటి గడిస్తే చాలు, అక్కడ వైన్ మాగదు, ఉడుకుతుంది. వారికి నిల్వ ప్రశ్నే లేదు, వచ్చిన నెలలోనే విప్పడం ఉత్తమం.

వడ్డీ లెక్క

ఇక రొక్కం సంగతి. 25 పౌన్ల సీసా 12 కలిపి 300 పౌన్లకు పెట్టె కొన్నారనుకుందాం. 5 శాతం చక్రవడ్డీతో పదేళ్ళకు అది సుమారు 489 పౌన్లు. గిడ్డంగి అద్దె, బీమా కలిపి ఏడాదికి 12 పౌన్ల చొప్పున మరో 120. మొత్తం 609. అంటే పదేళ్ళ తర్వాత విప్పే సీసా ఒక్కొక్కటి దాదాపు 51 పౌన్లు పడుతున్నది. అదే వైన్ పదేళ్ళ వయసు సరుకు బజారులో 51 పౌన్ల లోపు దొరికితే, దాచినవాడు ఇతరుల కోసం గిడ్డంగి నడిపినట్లే. మధ్యరకం షాటోల విషయంలో ఇలా జరగడం అరుదేమీ కాదు. అమ్మాలన్న తొందరలో ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారు. వారి దగ్గర మాగిన సరుకు కొనుక్కోవడమే లాభమని లండన్ దళారీలలో చాలామంది బాహాటంగానే చెబుతారు. మరీ తక్కువ పండే మేలి షాటోలకు మాత్రం ఈ లెక్క వర్తించకపోవచ్చు. అక్కడ ముందు కొనకపోతే తర్వాత అసలు దొరకకపోవడం ఉన్నది.

ధర శిఖరం, రుచి శిఖరం వేరువేరు రోజుల్లో వస్తాయన్నదానికి గత యాభై ఏళ్ళ బజారే సాక్ష్యం. నాసిరకం 1972 కాపును మితిమీరిన ధరలకు కొన్న వర్తకులు 1973 చమురు సంక్షోభంతో కుదేలయ్యారు. ఆ సరుకు మాగేది కాదు, దాచినా ఫలితం లేదు. 1997 కాపు తేలికది. అయినా అంతకుముందు మంచి కాపు 1996 కన్నా హెచ్చు ధర చెప్పి అమ్మారు. కొన్నవారు ధర రాక చాలాకాలం చేతులు నలుపుకున్నారు. విశేషమేమిటంటే, అదే 1997 వైన్ కొద్ది ఏళ్ళకే తాగడానికి సుఖంగా ఉండి హోటళ్ళకు బాగా పనికి వచ్చింది. సరుకు మంచిదే, ధరే చెడ్డది.

2008 ఫిబ్రవరిలో హాంకాంగ్ వైన్ మీద సుంకం ఎత్తివేయడంతో చైనా గిరాకీ వరదలా వచ్చింది. లఫీట్ 2008 సీసా మీద చైనా లిపిలో 8 అంకె ఉంటుందని 2010 అక్టోబరులో ప్రకటించగానే ధర ఎగబాకింది. అంకె శుభప్రదమట. వైన్ అప్పటికి రెండేళ్ళ పసిది, ఎవరూ తాగే స్థితి కాదు. లండన్ వైన్ ఎక్స్ఛేంజి లివ్-ఎక్స్ సూచీ 2011 మధ్యలో శిఖరానికి చేరి, ఆ తర్వాత మూడేళ్ళు జారింది. 2009, 2010 కాపులు రెండూ గొప్పవే. అయినా శిఖరం దగ్గర ఎన్ ప్రిమర్‌లో కొన్నవారిలో అనేకులు అసలు రాబట్టుకోవడానికే ఏళ్ళు ఆగవలసివచ్చింది. వారిలో తాగుడు అలవాటున్నవారు కొంత అదృష్టవంతులు. వడ్డీ పోయినా వైన్ దక్కింది.

షాటో లతూర్ ఈ పద్ధతి నుంచే తప్పుకున్నది. 2011 కాపు తర్వాత ఎన్ ప్రిమర్‌లో అమ్మబోమని 2012 ఏప్రిల్‌లో ప్రకటించి, సరుకు తన గిడ్డంగిలోనే ఉంచుకుని, తాగడానికి దగ్గరపడినప్పుడు విడుదల చేయడం మొదలుపెట్టింది. నిల్వ భారం షాటోయే మోస్తున్నది కనుక లాభమూ తనదేనన్నది వారి వాదన. అంత రొక్కం పట్టుకుని కూర్చోగల స్తోమత ఎందరికి ఉంటుంది? ఇతర షాటోలు మూకుమ్మడిగా ఆ బాట పట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు.

బ్రిటన్ పన్ను అధికారులు కూడా ఈ ఆయుష్షు ప్రశ్నలో తలదూర్చారు. అక్కడి చట్టం ప్రకారం 50 ఏళ్ళకు మించి నిలవని ఆస్తి నశించే ఆస్తి. దాని అమ్మకపు లాభం మీద సాధారణంగా మూలధన పన్ను లేదు. మామూలు వైన్ ఈ కోవలోకి వస్తుంది గాని, 50 ఏళ్ళకు పైన నిలిచే మేలి వైన్ రాదన్నది అధికారుల వాదన. దాంతో ఒకే పెట్టె గురించి కొనేవాడి దగ్గర నూరేళ్ళ ఆయుష్షు, పన్ను ఆఫీసులో అల్పాయుష్షు చెప్పుకోవలసిన అవస్థ అమ్మకందారుది.

ఇంత చర్చా బోర్డో సరుకులో కొద్ది భాగానికే చెందుతుంది. 1855 పట్టికకెక్కిన ఎర్ర వైన్ షాటోలు 61 మాత్రమే. వాటికి తోడు సెంట్ ఎమిలియన్, పొమెరోల్ వైపు కొన్ని. మిగిలిన బోర్డో ఎర్ర వైన్ నూటికి తొంభై పాళ్ళు మూడు నుంచి అయిదేళ్ళలో తాగవలసినదే. దాచితే విలువ పెరగదు. ఆ సరుకుకు గిరాకీ పడిపోయి, 2023లో హెక్టారుకు 6,000 యూరోల పరిహారం ఇచ్చి తోటలు పీకించే పథకం పెట్టవలసివచ్చింది. పేరు బోర్డోయే కదా అని అటువంటి సీసాను పదేళ్ళు దాచిన వారికి మిగిలేది పులుపు.

నిల్వలున్నవారు కాపుల వారీగా చూసుకుంటున్న తీరు స్థూలంగా ఇట్లా ఉన్నది. 2013 పల్చనిది, చల్లని తడి ఏడాది పంట. విప్పకుండా మిగిల్చినవారు ఇక ఆలస్యం చేయకూడదు. 2017 ఏప్రిల్ మంచు దెబ్బ తిన్నది. మిగిలిన పంట వైన్ సుకుమారంగా ఉండి త్వరగా అందివచ్చింది. 2009 మెత్తనిది, నిండైనది. మెర్లో ఎక్కువ పాలున్న కుడి గట్టు వైన్లు ముందుగానే విప్పుకోదగినవి. 2010, 2016 బిగువు సరుకు. అందులోనూ కబెర్నే సొవిన్యోన్ ఎక్కువున్న మెడోక్ మేలి షాటోలవి కదిలించకుండా ఉంచుతున్నారు. 2005 వగరు గట్టిది. ఇరవై ఏళ్ళ వయసుకు కొన్ని సీసాలు తెరుచుకున్నాయి, కొన్ని ఇంకా మూతి ముడుచుకునే ఉన్నాయి. దీనికి మాత్రం పెట్టెలో నుంచి ఒక సీసాను మచ్చుకింద బలి ఇవ్వక తప్పదు.